మనుషులు తగ్గిన కాలనీలో జనసాంద్రత గొడవ: ఒక కేస్ స్టడీ

పాత కాలనీల్లో నిర్మాణ నిబంధనలు మార్చే ముందు అక్కడివాళ్ళతో కూర్చోవడం, వాళ్ళు చెప్పింది వినడం, లెక్కలు తీయడం, ముసాయిదా రాయడం నా పని. పట్టణ ప్రణాళికలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఈ కేసు నేను పని చేసే పద్ధతినే మార్చేసింది. అక్కడివాళ్ళు నన్ను నమ్మి తలుపులు తీశారు కాబట్టి కాలనీ పేరు గానీ మనుషుల పేర్లు గానీ రాయడం లేదు. నేను ఎక్కడ పొరబడ్డానో మాత్రం దాచకుండా రాస్తాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ఎక్కువగా పనికొచ్చేది అదే.

కాలనీ కట్టి రెండు తరాలు దాటింది. చిన్న స్థలాలు, ఒకటి రెండంతస్తుల ఇళ్ళు, రెండు వైపులా చెట్లున్న వీధులు. ఒక చివర లిఫ్ట్ లేని నాలుగంతస్తుల పాత అపార్ట్‌మెంట్లు కొన్ని. ఇంకో చివర పెద్ద రోడ్డు, దాని మీద కొత్తగా తెరిచిన మెట్రో స్టేషన్. స్టేషన్ వచ్చాక కాలనీ అంతటా ఆరంతస్తుల దాకా అనుమతించాలని ప్రతిపాదన వచ్చింది. కాగితం మీద అది ఒకే ఒక్క వాక్యం. అది బయటికి రాగానే ఏళ్ళ తరబడి పక్కపక్కన ఉన్నవాళ్ళు ముఖాలు చూసుకోవడం మానేశారు.

మొదటి మీటింగ్

రంగులు వేసిన మ్యాపుతో వెళ్ళాను. హెక్టారుకు ఇప్పుడు ఎన్ని ఇళ్ళు, రేపు ఎన్ని అని చెప్పడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు కూడా కాలేదు. రిటైరైన ఒక ఇంజనీరు గారు లేచారు. “చూడమ్మా, హెక్టారు లెక్క మీ ఆఫీసుకి. నా కిటికీ పక్కన ఏం లేస్తుందో అది చెప్పు” అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ తర్వాత ఎవరూ మ్యాపు వైపు చూడలేదు. ఒక వైపు “ఊరు పెరగొద్దా, పిల్లలు ఎక్కడుండాలి?” అని, మరో వైపు “మా కాలనీని మురికివాడ చేస్తారా?” అని కేకలు. గంటన్నర తర్వాత అందరూ వచ్చినప్పటికంటే కోపంగా వెళ్ళారు.

నేను రెండు తప్పులు చేశాను. సాంద్రత అనే ఒక్క మాటలో మూడు వేరువేరు విషయాలను కలిపేశాను: ఎంతమంది మనుషులు, ఎన్ని ఇళ్ళు, ఎంత కట్టడం. ఈ మూడూ కలిసి పెరగాలని లేదు, కలిసి తగ్గాలనీ లేదు. ఈ సంగతి తెలిసి కూడా చెప్పలేదు. రెండో తప్పు ఇంకా పెద్దది. ఆస్తిపన్ను జాబితా చూసి నోటీసులు పంపాం. ఆ జాబితాలో యజమానులే ఉంటారు. కాలనీలో అద్దెకుండేవాళ్ళలో ఒక్కరు కూడా ఆ హాల్లో లేరు. లేరన్న సంగతి ఆ రోజు నాకు తట్టనే లేదు.

తలుపు తలుపుకీ

తర్వాత కొన్ని వారాలు ఇంటింటికీ తిరిగాం. “ఒప్పుకుంటారా, లేదా?” అని అడగడం మానేశాం. ప్రతి ఇంట్లో రెండే ప్రశ్నలు. ఇది జరిగితే మీకు ఏం పోతుంది? ఇది జరక్కపోతే పదేళ్ళ తర్వాత ఈ ఇంట్లో ఎవరుంటారు?

మొదటి ప్రశ్నకు జవాబులు గబగబా వచ్చేవి. రెండోదానికి చాలా ఇళ్ళలో కాసేపు ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

ఒకావిడ ఒంటరిగా ఉంటున్నారు. మోకాళ్ళ నొప్పులు. పైన మూడు గదులకూ తాళం. “దుమ్ము దులపడానికైనా ఎక్కలేకపోతున్నానమ్మాయ్” అన్నారు. మొదటి మీటింగ్‌లో అందరికంటే గట్టిగా వ్యతిరేకించినవాళ్ళలో ఆవిడ ఒకరు. మరి ఏం కావాలని అడిగితే, “ఈ వీధిలోనే మెట్లు లేని చిన్న ఇల్లు దొరికితే రేపే మారిపోతా. ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళున్నారు. వేరే చోటికి పోతే నేనెవరికి తెలుస్తాను?” అన్నారు. అలాంటి ఇల్లు ఆ వీధిలో ఒక్కటి కూడా లేదు. ఉండే వీలూ లేదు, ఎందుకంటే పాత నిబంధన ప్రకారం ఒక స్థలంలో ఒకే కుటుంబానికి ఇల్లు కట్టాలి. ఆవిడకు కావలసిన ఇంటిని నిబంధనే నిషేధించింది. ఆ నిబంధన పోకూడదని ఆవిడే పోరాడుతున్నారు.

ఆ రాత్రి కూర్చుని వేసిన లెక్క చిన్నదే. తర్వాత ప్రతి మీటింగ్‌లోనూ దాన్నే బోర్డు మీద రాశాను. 100 ఇళ్ళు, ఇంటికి సగటున 5 మంది అనుకుందాం. 500 మంది. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయి సగటు రెండున్నరకు దిగితే అవే 100 ఇళ్ళలో 250 మంది. ఒక్క ఇటుక కూడా కదల్లేదు, మనుషులు సగమయ్యారు. పాత 500 మంది మళ్ళీ ఉండాలంటే 200 ఇళ్ళు కావాలి. అంటే ఇళ్ళ సంఖ్య రెట్టింపు చేసినా కాలనీలో జనం ఒకప్పటి కంటే పెరగరు. “జనం ఎక్కువైపోతారు” అని భయపడుతున్నవాళ్ళు తమ చిన్నతనంలో అంతకంటే ఎక్కువ జనం మధ్యే పెరిగారు. మంచి రోజులని వాళ్ళు గుర్తు చేసుకునేది ఆ రోజుల్నే.

బడిలో సెక్షన్లు తగ్గాయి. బస్సు ట్రిప్పులు తగ్గాయి. సాయంత్రం వీధిలో ఆడుకునే పిల్లలు లేరు. వీటన్నిటినీ అందరూ విడివిడిగా చెప్పారు, విడివిడిగానే బాధపడ్డారు. ఇవన్నీ ఒకే లెక్కలోవని ఎవరూ అనుకోలేదు. బోర్డు మీద ఆ లెక్క చూశాక ఇంజనీరు గారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “సరే, మనుషుల సంగతి ఒప్పుకుంటాను. మరి డ్రైనేజీ?” అన్నారు.

డ్రైనేజీ

దీని గురించి కాస్త వివరంగా రాస్తాను. ఇలాంటి గొడవల్లో “మౌలిక వసతులు తట్టుకోవు” అనే మాటను అధికారులు సాకు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. తీరా చూస్తే అక్కడ డ్రైనేజీ నిజంగానే పొంగుతోంది. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. పొంగడానికి కారణం మాత్రం వాళ్ళు అనుకున్నది కాదు.

వానాకాలంలో ఒక కారణం, ఎండాకాలంలో ఇంకో కారణం. వాన పడినప్పుడు చాలా ఇళ్ళ డాబా నీళ్ళు నేరుగా మురుగు పైపులోకే వెళ్తున్నాయి. వాన నీటితో పోలిస్తే ఇళ్ళ మురుగు చాలా తక్కువ. ఆ పైపులు వాన నీటి కోసం వేసినవి కావు కాబట్టి మ్యాన్‌హోళ్ళు పొంగుతాయి. ఎండాకాలంలో సంగతి వేరు. మురుగు పైపులో బురద, ఇసుక పేరుకుపోకుండా ఉండాలంటే నీరు కనీసం సెకనుకు 0.6 మీటర్ల వేగంతో పారాలని ఇంజనీర్లు చూస్తారు. ఎక్కువమంది కోసం వేసిన పైపులో సగం మంది నీళ్ళే పారితే ఆ వేగం రాదు. అడుగున మట్టి చేరుతుంది, వేళ్ళు చొచ్చుకొస్తాయి, పైపు మూసుకుపోతుంది. 1990 తర్వాత జనం వలస పోయిన తూర్పు జర్మనీ పట్టణాల్లో ఇదే జరిగింది. పైపులు పట్టేసి, వాటిని నీళ్ళతో కడగాల్సి వచ్చింది. మనుషులు పెరిగితే డ్రైనేజీ చెడిపోతుందని భయపడుతున్న కాలనీలో మనుషులు తగ్గడం వల్ల కూడా అది చెడిపోతోంది.

ఇది విన్నాక ఇంజనీరు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆయన నీటి పైపుల పని చేసి రిటైరైనవాడని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఆయన మాతో వీధుల్లో తిరిగి, ఏ మ్యాన్‌హోలు ఎప్పుడు పొంగుతుందో రాసుకున్నారు. పైపు మార్చడం గురించి ఆయనే మిగతావాళ్ళకు చెప్పారు. ఒకే వాలులో పైపు వ్యాసం 150 మిల్లీమీటర్ల నుంచి 200కి పెంచితే, పైపు నిండా పారేటప్పుడు దాని సామర్థ్యం రెట్టింపు దాటుతుంది. 225కి పెంచితే దాదాపు మూడు రెట్లు. పైపు కొంచెం లావైతే సామర్థ్యం చాలా పెరుగుతుంది. ఖర్చులో ఎక్కువ భాగం తవ్వడానికీ పూడ్చడానికీ పోయేది కాబట్టి, తవ్వేది ఒక్కసారైతే సరైన సైజే వేయాలి. మరీ లావుది వేస్తే మళ్ళీ ఆ వేగం సమస్యే వస్తుందని కూడా ఆయనే హెచ్చరించారు.

అక్కడే ముసాయిదాలో మొదటి షరతు పుట్టింది. ఏ వీధిలో ప్రధాన మురుగు పైపు మార్చి, డాబా నీళ్ళను వాన కాలువలోకి మళ్ళిస్తారో ఆ వీధిలోనే అదనపు అంతస్తులకు అనుమతి. ముందు పైపు, తర్వాత భవనం. దీని కోసం నేను ఆఫీసులో చాలా రోజులు వాదించాల్సి వచ్చింది. పాత పద్ధతిలో అనుమతి ముందు ఇచ్చేస్తారు, పైపు బడ్జెట్ వచ్చినప్పుడు వేస్తారు. ప్రజలకు నమ్మకం పోయేది అక్కడేనని నా అనుభవం.

ఎండ, నీడ, వెనక ఖాళీ

ఎఫ్‌ఏఆర్ అంటే స్థలానికి ఎన్ని రెట్ల విస్తీర్ణం కట్టొచ్చు అనే లెక్క. ఎఫ్‌ఏఆర్ 2 ఉంటే స్థలమంతా నింపి రెండంతస్తులు కట్టొచ్చు, సగంలో నాలుగు కట్టొచ్చు, పావు వంతులో ఎనిమిది కట్టొచ్చు. కట్టడం అంతే, పట్టే మనుషులూ అంతే. పక్కింటికి తగిలేది మాత్రం మూడు సందర్భాల్లోనూ వేరు. పారిస్ నగరంలో చదరపు కిలోమీటరుకు సుమారు 20,000 మంది ఉంటారు. అక్కడ ఎక్కువగా ఉన్నవి ఆకాశహర్మ్యాలు కావు, ఆరేడు అంతస్తుల భవనాలు. కాబట్టి ఎన్ని అంతస్తులు అని గొడవపడేకన్నా ఏ ఆకారం అని మాట్లాడితే దారి దొరుకుతుంది.

ఒక ఉదయం సుద్దముక్కలు పట్టుకుని వీధిలోకి వెళ్ళాం. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే 18 మీటర్ల భవనం నీడ 18 మీటర్లు పడుతుంది. 30 డిగ్రీలకు దిగితే 31 మీటర్లు. ఆ గీతలు నేల మీద గీసి, ఎవరి గుమ్మం నీడలోకి వస్తుందో వాళ్ళనే నిలబడమన్నాం. ఆరంతస్తులు వీధి అంచుకే కడితే ఎదురింటి మొదటి అంతస్తు దాకా నీడ. పై రెండంతస్తులను వెనక్కి జరిపితే నీడ వీధిలోనే ఎక్కువసేపు ఆగుతుంది. కొందరు ఇంకా వద్దనే అన్నారు. అయితే ఇప్పుడు వాళ్ళు గజాల్లో, గంటల్లో మాట్లాడుతున్నారు. అలా మాట్లాడితే నిబంధన రాయొచ్చు.

వెనక ఖాళీ స్థలం మీద నేను మొండిగా ఉన్నాను. బార్సిలోనా విస్తరణకు 1859లో ఇంజనీరు ఇల్డెఫోన్స్ సెర్దా వేసిన ప్లానులో ప్రతి బ్లాకు మధ్యలో తోట ఉండాలి. తర్వాతి దశాబ్దాల్లో యజమానులు ఆ ఖాళీలను కట్టడాలతో నింపేశారు. ఎంత మంచి ప్లానైనా, ఖాళీ స్థలాన్ని హక్కుగా రాసి కాపాడకపోతే అది మిగలదు. అందుకే మా ముసాయిదాలో వెనక వదలాల్సిన ఖాళీకి గీసిన గీత దాటి ఏ అంతస్తూ రాకూడదని, ఆ గీతను ఏ మినహాయింపుతోనూ జరపకూడదని రాశాం. బిల్డర్ల నుంచి ఎక్కువ ఒత్తిడి వచ్చింది ఈ ఒక్క వాక్యం మీదే.

పార్కింగ్ గురించి క్లుప్తంగా చెప్తాను. కారు నిలిపే చోటు పన్నెండు, పదమూడు చదరపు మీటర్లే అనిపిస్తుంది. కదిలే దారి, ర్యాంపు కలిపితే ఒక్కో కారుకు 25 నుంచి 30 చదరపు మీటర్లు పోతుంది. అది ఒక గది ఇంటి వైశాల్యం. స్టేషన్‌కు నడిచి వెళ్ళే దూరంలో ఉన్న భవనాలకు కనీస పార్కింగ్ తగ్గించాం. లోపలి వీధుల్లో అలాగే ఉంచాం. అమెరికాలోని మినియాపొలిస్ నగరం 2021లో ఊరంతటా కనీస పార్కింగ్ నిబంధనను తీసేసింది. ఇక్కడ ఆ మాట ఎత్తితే మిగతాదంతా కూలిపోయేది, అందుకే ఎత్తలేదు.

హాల్లో లేనివాళ్ళు

తలుపులు తట్టినప్పుడే తెలిసింది, చాలా ఇళ్ళ పై వాటాల్లో, పాత అపార్ట్‌మెంట్లలో అద్దెకు ఉండేవాళ్ళు కాలనీలో పెద్ద భాగమని. షిఫ్టు ముగించుకుని వచ్చిన ఒకామె తలుపు సగమే తెరిచి, “ఓనర్ గారిని అడగండి మేడం, మమ్మల్ని ఎవరు అడుగుతారు?” అంది. ఆమె కూతురు వెనకే నిలబడి హోంవర్క్ పుస్తకం పట్టుకుని ఉంది. ఎన్నేళ్ళుగా ఉంటున్నారని అడిగాను. ఎదురింటి యజమాని కంటే ముందొచ్చింది ఆమె.

ఈ చర్చలో అనుకూలం, వ్యతిరేకం అనే రెండు పక్షాలూ ఎక్కువగా యజమానులవే. పెరుగుదల కావాలనేవాళ్ళు రేపు రాబోయే మనుషుల తరఫున మాట్లాడతారు. వద్దనేవాళ్ళు ఇవాళ ఇల్లున్నవాళ్ళ తరఫున మాట్లాడతారు. ఇవాళ అద్దెకున్నవాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు లేరు. భవనం కూలగొడితే మొదట సామాను సర్దుకోవాల్సింది మాత్రం వాళ్ళే. కెనడాలోని బర్నబీ నగరంలో మెట్రోటౌన్ స్టేషన్ చుట్టూ పాత తక్కువ అంతస్తుల అద్దె భవనాలు కూల్చి టవర్లు కట్టారు. ఇళ్ళ సంఖ్య పెరిగింది, అందులో ఉన్న కుటుంబాలు చెదిరిపోయాయి. చాలా నిరసనల తర్వాత ఆ నగరం నియమం మార్చింది. కూల్చివేత వల్ల ఇల్లు ఖాళీ చేసినవాళ్ళకు కొత్త భవనంలో పాత అద్దె ప్రాతిపదికనే తిరిగొచ్చే హక్కు ఇచ్చింది. మా ముసాయిదాలో ఆ నమూనానే తీసుకున్నాం. అదనపు అంతస్తులు కావాలంటే, కూలగొట్టే భవనంలో అద్దెకున్న ప్రతి కుటుంబానికీ అంతే వైశాల్యం, అంతే అద్దెతో తిరిగొచ్చే హక్కు ఇవ్వాలి. కట్టే కాలమంతా తాత్కాలిక వసతి బిల్డరే చూడాలి.

లెక్క కుదరదని బిల్డర్లు అన్నారు. పుస్తకాలు తెరిచి చూపించమన్నాం, ఒకరు చూపించారు. నాలుగంతస్తులకు నిజంగా కుదరదు. ఐదుకు కుదురుతుంది. ఆ ఒక్క అంతస్తు ఎందుకు అవసరమో ఇంజనీరు గారి పక్షానికి చెప్పడం ఈ కేసులో నాకు ఎదురైన కష్టమైన పని. తలుపు సగమే తెరిచిన ఆ తల్లి వచ్చి రెండు నిమిషాలు మాట్లాడింది. నేను చెప్పిన లెక్కలకన్నా ఆమె మాటలు వాళ్ళకు ఎక్కువ తగిలాయి.

ఎక్కడెక్కడ, ఎంత

చివరికి ఒప్పుకున్నది ఇది. పెద్ద రోడ్డు వెంట, దాని వెనక మొదటి వీధిలో ఐదంతస్తులు, పై రెండూ వెనక్కి. లోపలి వీధుల్లో మూడంతస్తులు. ఏ స్థలంలోనైనా చిన్న ఇళ్ళు మూడు దాకా కట్టుకోవచ్చు, ఒకటి కచ్చితంగా మెట్లు లేకుండా నేల మీదే ఉండాలి.

లోపలి వీధుల వల్ల పెద్ద సంఖ్యలో ఇళ్ళు వస్తాయని నేను ఎవరికీ మాటివ్వలేదు. మినియాపొలిస్ అన్ని నివాస వీధుల్లో ఒక స్థలంలో మూడిళ్ళకు అనుమతి ఇచ్చింది. అలాంటివి కొన్నే కట్టారు. కొత్త ఇళ్ళలో ఎక్కువ భాగం రవాణా దారుల పక్కన పెద్ద భవనాల్లోనే వచ్చింది. అయినా లోపలి వీధులను ఎందుకు కలిపామంటే, కొద్ది స్థలాలకే అనుమతి ఉంటే ఆ కొద్ది స్థలాల ధర ఎగిరిపోతుంది, మొత్తం ఒత్తిడి అక్కడే పడుతుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరం 2016లో నివాస భూమిలో దాదాపు నాలుగింట మూడు వంతులకు ఒకేసారి నిబంధనలు సడలించింది. తర్వాత అక్కడ కొత్త ఇళ్ళ అనుమతులు బాగా పెరిగాయి. వాటిలో ఒకదాన్నొకటి ఆనుకున్న వరుస ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఈ కొత్త నిబంధనల నుంచి మినహాయింపు కావాలని మూడు వీధులు అడిగాయి. అమెరికాలోని హ్యూస్టన్ నగరం 1998లో నగర మధ్య భాగంలో ఒక ఇంటికి కనీస స్థలాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కి తగ్గించింది. చిన్న స్థలాలు వద్దనుకునే వీధులు సంతకాలు చేసి పాత పద్ధతినే ఉంచుకునే వెసులుబాటు కూడా అక్కడ ఉంది. దానివల్ల పెద్ద మార్పుకు వ్యతిరేకత తగ్గిందనేది నిజమే. నాకు మాత్రం ఈ ఏర్పాటు మీద అనుమానమే. సంతకాలు సేకరించే తీరిక ఉన్నవాళ్ళ వీధులే మినహాయింపు పొందుతాయి. ఒప్పుకున్నాను, అయితే రెండు షరతులతో: అద్దెకున్నవాళ్ళ సంతకానికీ అంతే విలువ, ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ అడగాలి. మూడు వీధుల్లో ఒకటే సంతకాలు పూర్తి చేయగలిగింది.

పాత అపార్ట్‌మెంట్ల విషయంలో నేను ఓడిపోయాను. పిల్లర్లలో కడ్డీలు బయటపడ్డాయి. బాగు చేయించడానికి డబ్బు వేసుకునే దగ్గర యజమానులు ఏకాభిప్రాయానికి రారు. ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 2021 జూన్ 24న కూలిన భవనంలోనూ మరమ్మతు ఖర్చు మీద ఏళ్ళ తరబడి వాదన నడిచింది. అక్కడ 98 మంది చనిపోయారు. సింగపూర్‌లో పదేళ్ళు దాటిన భవనాన్ని 80 శాతం వాటా ఉన్న యజమానులు ఒప్పుకుంటే మొత్తంగా అమ్మేయొచ్చు. అలాంటి నియమం ఇక్కడా ఉండాలని రాశాను. మిగతా 20 శాతంలో ఉండేది ఎక్కువగా వయసు మళ్ళినవాళ్ళేనన్న అభ్యంతరం వచ్చింది. అది న్యాయమైన అభ్యంతరం. ఆ క్లాజు పక్కన పెట్టారు. నిర్మాణ తనిఖీ తప్పనిసరి అన్నది మాత్రం మిగిలింది.

ఇప్పుడు

పైపు పని అయ్యాక మొదటి వీధిలో ఒక భవనం పూర్తయింది. మోకాళ్ళ నొప్పులావిడ తన ఇల్లు ఒక యువ కుటుంబానికి ఇచ్చి, ఆ భవనంలో నేల వాటాలోకి మారారు. పాత ఇంటికీ కొత్త ఇంటికీ మధ్య దూరం నాలుగు గుమ్మాలు. ఇంజనీరు గారు వానాకాలమంతా మ్యాన్‌హోళ్ళ దగ్గర నీటిమట్టం రాసి ప్రతి వారం నాకు పంపారు.

ఆ స్థలంలో అంతకుముందు అద్దెకున్న మూడు కుటుంబాల్లో ఒక్కటే తిరిగొచ్చింది. హక్కు కాగితం మీద సరిగ్గానే ఉంది. తాత్కాలిక వసతి ఎంత దూరంలో ఉండాలో నేను రాయలేదు. బిల్డర్ ఊరి చివర చూపించాడు. పిల్లల బడి మారింది, రెండేళ్ళు గడిచాయి, అక్కడే స్థిరపడిపోయారు. హోంవర్క్ పుస్తకం పట్టుకుని తలుపు వెనక నిలబడిన పాప వాళ్ళది తిరిగిరాని కుటుంబం.

తాత్కాలిక వసతి అదే బడికి నడిచి వెళ్ళే దూరంలో ఉండాలన్న వాక్యం ఇప్పుడు రెండో ముసాయిదాలో చేర్చాను. దాని మీద మీటింగ్ వచ్చే నెల, ఆదివారం ఉదయం. ఈసారి నోటీసులు పన్ను జాబితా చూసి పంపలేదు, ప్రతి వాటా తలుపుకూ వెళ్ళి ఇచ్చాం. ఊరి చివర ఉన్న ఆ రెండు ఇళ్ళకూ నేనే వెళ్ళి ఇచ్చి వచ్చాను.